డిజైన్ పుస్తకంలో 47 అచ్చుతప్పా, లెక్క తప్పా?

నాగావళి (శ్రీకాకుళం):
మా డిప్లొమా పిల్లలు వాడే ఆర్‌సీసీ డిజైన్ పుస్తకంలో ఒక దూలం లెక్క ఎం20 కాంక్రీటు, ఎఫ్‌ఈ 500 ఊచలతో (రెండూ బలాన్ని బట్టి పెట్టిన రకాల పేర్లు, అంకె పెరిగితే బలం ఎక్కువ) మొదలై, డెవలప్‌మెంట్ లెంగ్త్ (ఊచ పట్టు తప్పకుండా కాంక్రీటు లోపల ఉండవలసిన పొడవు) దగ్గరకు వచ్చేసరికి ఊచ వ్యాసానికి 47 రెట్లు చాలునంటుంది. కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం (కోడు) ఐఎస్ 456:2000 ప్రకారం ఉక్కు బలం 500లో 0.87 వంతు 435. ఎం20కి పట్టు ఒత్తిడి (కాంక్రీటు ఊచను పట్టి ఉంచే బలం) 1.2, గట్లున్న ఊచలకు 60 శాతం పెంచితే 1.92, 435ను దాని నాలుగింతలతో భాగిస్తే దాదాపు 57 రెట్లు వస్తుంది. అంటే 16 మి.మీ. ఊచకు 912 మి.మీ. కావలసిన చోట 752 దగ్గరే కోసేస్తారు.

బొబ్బిలి డ్రాయింగు:
47 అనేది ఎఫ్‌ఈ 415కు సరైన అంకె. పాత ముద్రణలోని 415ను 500గా మార్చినప్పుడు జరిగిన అచ్చుతప్పు ఇది. 415 అని చదువుకుంటే సరిపోతుంది.

నాగావళి:
సరిపోదండీ. అదే లెక్కలో ఊచల వైశాల్యాన్ని 435తోనే, అంటే ఎఫ్‌ఈ 500గానే కట్టారు. ఒకే దూలంలో ఒకే ఊచ రెండు రకాల ఉక్కు ఎలా అవుతుంది?

భావనపాడు:
సముద్రపొడ్డు ఇంటి దూలానికి కూడా ఆ పుస్తకం 25 మి.మీ. కవరే (ఊచ మీద కప్పే కాంక్రీటు మందం) ఇచ్చింది. తీరానికి కోడు 45 మి.మీ., కనీసం ఎం30 కాంక్రీటు అడుగుతుంది. ఉప్పుగాలికి ఊచ తుప్పెక్కి పెచ్చులూడే ఇళ్లు మా ఊళ్లో కావలసినన్ని ఉన్నాయి.

బొబ్బిలి డ్రాయింగు:
కవరు సంగతి వేరు, ఇక్కడ ప్రశ్న 47 గురించి. కోడు తెరవకుండా పుస్తకాన్నే నమ్మడం చదివేవాడి లోపం.

నాగావళి:
మా తమ్ముడు పరీక్షలో కోడు ప్రకారమే 57 రాశాడు. దిద్దినాయన ఈ పుస్తకం పక్కన పెట్టుకొని మార్కులు కోశాడు. రెండేళ్ల క్రితం నేను ప్రచురణకర్తకు ఉత్తరం రాశాను. తరువాతి ముద్రణలో ధర మారింది గాని 47 మారలేదు.

బొబ్బిలి డ్రాయింగు:
ఇంత దూరం వచ్చింది గనుక చెబుతున్నాను. ఆ ముద్రణకు పటాలు గీసింది నేనే. కంటబడిన తప్పులన్నీ రాసి ఇచ్చాను. తప్పొప్పుల పట్టిక అతికిస్తే కొనేవాడు పుస్తకం కింద పెట్టేస్తాడని ప్రచురణకర్తలు వద్దన్నారు.

నాగావళి:
ఆ పట్టిక మీ దగ్గర ఉండగా, ఇన్నాళ్లూ చదివేవాడి లోపమని మాతో ఎందుకు వాదించారు?

బొబ్బిలి డ్రాయింగు:
ఆ పుస్తకం రాసినది నాకు గీత గీయడం నేర్పిన మాస్టారు. పెద్ద వయసులో ఆయన తప్పులను నలుగురిలో పరచడానికి నాకు మనసొప్పలేదు.

నాగావళి:
మాస్టారి మీద మాకు కోపం లేదు. ఆయన మర్యాద కాపాడుతూ మీరు దాచినది పిల్లల మార్కుల్లోను, రేపు కట్టే దూలాల్లోను తేలుతుంది.

రాజాం పాలిటెక్నిక్:
పుట సంఖ్యలైనా చెప్పండి సార్, సోమవారం మాకు పరీక్ష ఉంది.

బొబ్బిలి డ్రాయింగు:
పుస్తకం పేరూ మాస్టారి పేరూ ఎవరూ ఎత్తనంటే పుట సంఖ్యలు రాత్రికి పెడతాను. ప్రస్తుతానికి ఆ లెక్కలో 752ను 912గా దిద్దుకో బాబూ. అయినా అది అచ్చుతప్పే.