అప్‌డేట్: అండమాన్‌లో కొన్న శంఖాలు, చెక్క పెట్టె ఇంటికి చేరాయి

పోయిన నెల ఇక్కడే అడిగాను: పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి శంఖాలు, పడాక్ చెక్క పెట్టె విమానంలో తెచ్చుకోవచ్చా, మా బాబు నీల్ దీవి ఒడ్డున ఏరిన కోరల్ (పగడపు) ముక్కలు ఏం చేయాలి అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చిన సలహా ఒక్కటే: "బిల్లు లేకుండా ఏదీ కొనకండి." అబర్డీన్ బజార్‌లో ఒక షాపతను బిల్లు ఇవ్వనంటే కొనకుండా వచ్చేశాం. ప్రభుత్వ సాగరిక ఎంపోరియంలో కొన్నాం. పక్కనే ఉన్న ఒకాయన మా మాట విని, "ఏ ఊరమ్మా మీది? మాది శ్రీకాకుళం" అని పలకరించి, పెట్టె మూత తిప్పి ఎర్రటి చార చూపించారు. రంగు వేసింది కాదు, పడాక్ చెక్కలోనే ఆ ఎరుపు ఉంటుందట. ఇప్పుడు అందులో అమ్మ కుంకుమ భరిణె పెట్టుకుంది.

కోరల్ మాత్రం తేలేదు. చచ్చిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క అయినా సరే తీసుకెళ్లకూడదు, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. బాబు ఏడ్చాడు, అయినా దీవి వదిలే ముందే వాడి చేతే ఒడ్డున పెట్టించాను. ఎయిర్‌పోర్టులో శంఖాలు చూసి బిల్లు అడిగారు, చూపించగానే పంపేశారు. పెట్టె గురించి ఎవరూ అడగలేదు. పార్సిల్‌లో పంపాలేమోనన్న టెన్షన్ మా విషయంలో అనవసరమే అయింది. బిల్లు మాత్రం సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.