‘హబ్ గేరు’ను తెలుగులో కుండ గేరు అనొచ్చా?

పళ్ళచక్రం:
హైదరాబాదు మిట్టల్లో సైకిలు తొక్కేవాళ్ళ కోసం, అంటే బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్, గోల్కొండ వైపు వెళ్ళేవాళ్ళ కోసం, నాలుగు పేజీల చిన్న పుస్తకం తెలుగులో తయారవుతోంది. ‘ఇంటర్నల్ హబ్ గేర్’ దగ్గర పని ఆగింది. ‘అంతర్గత చక్రనాభి దంత యంత్రాంగం’ అని ఒకరు రాసి పంపారు. అది చదివి ముగించేలోపు మిట్ట ఎక్కడం, దిగడం రెండూ అయిపోతాయి. వస్తువు ఇది: గేర్లన్నీ వెనక చక్రం మధ్యలోని డబ్బాలో ఉంటాయి, బయటికి ఒక్క పళ్ళచక్రం, ఒక్క చైను కనిపిస్తాయి. నోటికి పట్టే మాట కావాలి. రెండో ఇబ్బంది ‘గేరు తగ్గించండి’ అన్న వాక్యం. చదివినవాళ్ళలో సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా అర్థం చేసుకుంటున్నారు.

నిఘంటుపురుగు:
ఎడ్లబండి చక్రాన్ని గుర్తు చేసుకోండి. మధ్యలో ఇరుసు దూరే దుంగ కుండ, కొన్ని చోట్ల కుంభి. దానికి దిగ్గొట్టినవి ఆకులు, ఆకుల చివర పూటీలు, పైన ఇనుప కట్టు. సైకిలు వచ్చాక ఆకులు పుల్లలయ్యాయి, కోస్తాలో చువ్వలయ్యాయి. పూటీలు రిమ్మయ్యాయి. ఇరుసు చెక్కు చెదరలేదు. కుండ పోయి హబ్బు వచ్చింది. గేర్లను కడుపులో దాచుకున్న ఈ హబ్బుకైతే కుండ అన్న పేరు బండికన్నా బాగా అతుకుతుంది. ‘నాభి’ తప్పేం కాదు గాని, చదవగానే బొడ్డు గుర్తొస్తుంది.

పాతపానా:
సైకిల్ షాపుకు పోయి కుండ గేరు కావాలని అడగండి, మట్టికుండలు అమ్మే గల్లీ చూపిస్తరు. మెకానిక్కులు హబ్బు అనే అంటరు, పుస్తకంల గూడ హబ్బు గేరు అనే రాయండి. కుండ సంగతి పక్కన ఒక వాక్యంల చెప్తే చాలు. అసలు గొడవ ‘తగ్గించు’లనే ఉన్నది.

బయట గేర్లున్న సైకిలుకు వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి చైను పోతే తేలిక. అందుకే ‘పెద్దదానికి వెయ్యి’ అంటరు. హబ్బు గేరుల కంటికి కనపడే చక్రాలు లెవ్వు, హ్యాండిలు మీద అంకెలే ఉంటయి, 1 అన్నిటికన్న తేలిక. అంకె తగ్గాల్నా, బరువు తగ్గాల్నా, వేగం తగ్గాల్నా? చదివేటోడికి ఎట్ల తెలుస్తది? ‘తేలిక గేరు’, ‘బరువు గేరు’ అని రాయండి, పక్కన అంకె వెయ్యండి.

పళ్ళచక్రం:
ఇది బాగుంది, పాత వాక్యం కొట్టేశాను. మరి మార్చే పద్ధతికి ‘తొక్కడం ఆపి గేరు మార్చండి’ అంటే సరిపోతుందా?

పాతపానా:
మిట్ట మీద తొక్కుడు ఆపితే సైకిలే ఆగుతది. బయటి గేరు మారాలంటే పెడళ్ళు తిరుగుతుండాలె. హబ్బు గేరుకు దీని ఉల్టా. బలంగా తొక్కుతున్నప్పుడు లోపలి కొక్కాలు ఒత్తిడికి పట్టుకొని ఉంటయి, విడవవు. మీట నొక్కినా గేరు మారదు. ఇంకా బలంగా తొక్కితే ఒక్కసారి టక్కుమని దుంకుతది, పళ్ళు అరుగుతయి. పెడలు మీద బరువు తీసి, సగం చుట్టు ఊరికె తిప్పి మారిస్తే సాఫుగ పడ్తది. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు గూడ మార్చొచ్చు, బయటి గేరుతోని అది కాదు.

నిఘంటుపురుగు:
‘బరువు తీసి’ అన్నదానికి ‘కాలు తేల్చి’ ఎలా ఉంటుంది? కాలు పెడలు మీదే ఉంటుంది, తొక్కే బలం మాత్రం ఉండదు. ‘ఆపి’లో ఉన్న చిక్కు ఇందులో లేదు.

ఇంకో మాట. లోపలి ఏర్పాటుకి ‘గ్రహ గేర్లు’ అని రాశారు. మధ్యలో సూర్య చక్రం, చుట్టూ తిరిగే గ్రహ చక్రాలు, వాటిని చుట్టి, లోపలివైపు పళ్ళున్న వలయం. అనువాదం సరైనదే గాని, ‘గ్రహ’ అనగానే మనవాళ్ళ చూపు జాతకం మీదికి పోతుంది.

పళ్ళచక్రం:
పోనివ్వండి, బొమ్మ వేస్తే సర్దుకుంటుంది. లెక్క మాత్రం వదలకూడదు. నాటింగ్‌హామ్‌లో స్టర్మీ ఆర్చర్ 1936లో తెచ్చిన మూడు గేర్ల ఏడబ్ల్యూ హబ్బే తీసుకోండి. సూర్యుడు ఇరుసుకి బిగిసి కదలడు, 20 పళ్ళు. వలయానికి 60. చైను వలయాన్ని తిప్పి, గ్రహాల పంజరం (గ్రహ చక్రాలను పట్టి ఉంచే చట్రం) హబ్బును తిప్పితే 60ని 80తో (60+20) భాగించాలి: 0.75, అదే తేలిక గేరు. చైను పంజరాన్ని తిప్పి, వలయం హబ్బును తిప్పితే 80 బై 60, అంటే 1.33. మధ్య గేరులో ఎంత తిప్పితే అంతే.

పాతపానా:
ఆ హబ్బుకు 2, 3 గేర్ల నడుమ ఒక ఖాళీ ఉన్నది, అది తప్పకుండ రాయండి. కేబులు సరిగ్గ లేకపోతే గేరు ఆ ఖాళీల నిలుస్తది. పెడలు గాలిల తిరిగినట్టు తిరుగుతది. సీటు మీదికెళ్ళి లేచి నిలబడి తొక్కేటోడు ముందటి రాడ్డు మీద పడ్తడు. చూసే తీరు చెప్త: 2లో పెట్టి, కుడి పక్క ఇరుసు నట్టు కిటికీలకెళ్ళి చూడాలె. లోపలి కడ్డీ మెట్టు, ఇరుసు చివర ఒక్క లెవెల్ల ఉండాలె. లేకపోతే కేబులు మర తిప్పి సరిచెయ్యాలె. షిమానో నెక్సస్ 8 గేర్లదానికైతే 4లో పెట్టి హబ్బు పక్కన రెండు పసుపు గీతలు కలవాలె. ఒకసారి 1కి పోయి మళ్ళ 4కు తెచ్చి ఇంకోసారి చూడాలె.

నిఘంటుపురుగు:
గ్రహచారం చాలకపోతే తాడే పామై కరుస్తుందంటారు. ఇక్కడ గ్రహాలూ ఉన్నాయి, తాడూ ఉంది!

మిట్టదారి:
మాటలు తేలాయి గాని పళ్ళ లెక్క రాయకపోతే పుస్తకం మిట్టల్లో పనికిరాదు. నెక్సస్ 8లో 1వ గేరు 0.527, 8వది 1.615, 5వది సూటి, అంటే ఎంత తిప్పితే అంతే. ముందు 44, వెనక 18 పళ్ళు పెట్టి అమ్మితే, 700 రిమ్ముకి 35 టైరుతో 1వ గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 2.8 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లంటే గంటకి 10 కిలోమీటర్లు. నిట్టనిలువు మిట్టలో అంత వేగం అందరి వల్లా కాదు. ముందు 38, వెనక 19 పెడితే చుట్టుకి 2.3 మీటర్లు, గంటకి 8 చిల్లర. వెనక పళ్ళచక్రం మార్చడం చవక పని, మొదట ఆ పనే చూడండి. అయితే ముందు పళ్ళు మరీ తగ్గిస్తూ వెనక పెంచుకుంటూ పోతే హబ్బు లోపలికి వెళ్ళే మెలి (తిప్పే బలం) పెరిగి చిన్న పళ్ళు విరుగుతాయి. ముందు, వెనక పళ్ళకి తయారీవాళ్ళు చెప్పిన కనీస నిష్పత్తి కన్నా కిందికి పోకూడదు.

1 నుంచి 2కి దూకుడు 22 శాతం, 5 నుంచి 6కీ అంతే. మిగతావి 14 నుంచి 18 లోపు. ‘గేర్లన్నీ సమానంగా మారతాయి’ అన్న వాక్యం తీసెయ్యండి. అది రోలాఫ్ 14 గేర్లదానికి చెల్లుతుంది: ప్రతి మెట్టూ 13.6 శాతమే.

పళ్ళచక్రం:
తీసేశాను. ‘కందెన’ మీద మాత్రం పట్టుదల నాది. పరమేశ్వరుడి బండైనా ఇరుసున కందెన లేకపోతే కదలదని సుమతీ పద్యంలో ఉన్న మాట, వదలబుద్ధి కావడం లేదు.

పాతపానా:
ఆముదంల మసి కలిపిన బండి కందెన వేరే. పుస్తకంల ‘కందెన వెయ్యండి’ అంటే కుట్టుమిషను నూనె పోసేటోడు ఉంటడు. నెక్సస్ లోపల ఉండేది గ్రీజు, పలుచని నూనె పోస్తే అది కరిగి బయటికొస్తది. రోలాఫ్‌కు దాని నూనె 5000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలె. శీర్షికకు కందెన పెట్టుకోండి, కింద మటుకు గ్రీజా నూనెనా విడమర్చి రాయండి.

మిట్టదారి:
పంక్చరు పేజీలో ఒకటి తప్పిపోయింది. ఇరుసుకి రెండు వైపులా వేసే గాడి వాషర్లు ఇరుసును తిరగనివ్వవు. కుడిదీ ఎడమదీ ఒకటి కాదు, ఫ్రేము గాడిని బట్టి రంగు మారుతుంది. తారుమారైతే మిట్టలో బలంగా తొక్కగానే ఇరుసు తిరిగి గేర్లు తప్పుతాయి. నెక్సస్ నట్లు 30 నుంచి 45 న్యూటన్ మీటర్లకి బిగించాలి. అనంతగిరి ఘాటు లాంటి దిగుడులో పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కదాన్నే నమ్మకూడదని కూడా రాయండి. వేడికి గ్రీజు కరుగుతుంది.

పళ్ళచక్రం:
చేర్చాను. మొదటి పేజీ వాక్యం ఇలా మారింది: ‘మిట్ట మొదలయ్యాక కాలు తేల్చి, తేలిక గేరుకి (1 లేదా 2) మార్చండి.’

పాతపానా:
‘మొదలయ్యాక’ కాదు, ‘మొదలయ్యేముందే’.