మూడుసార్లు రంగు వేయించినా గోడ పెచ్చులు లేస్తోంది: తప్పు రంగుదా, నా పూలమడిదా?

ప్రశ్న – కిటికీ పక్క కుర్చీ

అందరికీ నమస్కారం. ముందే ఒక విన్నపం. "ఇంకాస్త మంచి రంగు వాడి ఉండాల్సింది" అని మాత్రం దయచేసి ఎవరూ చెప్పకండి. ఆ మాట మా ఇంట్లో రోజుకు రెండుసార్లు వింటున్నాను.

ముందు గదిలో కిటికీ కింద ఉన్న గోడ గురించి నా బాధ. దానికి ఏ నీలం వేయించాలో తేల్చుకోవడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. ఆరు నమూనాలు గోడ మీదే పక్కపక్కన పూసి, పొద్దుటి ఎండలో ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూసి, చివరికి వాన వెలిసిన ఆకాశంలాంటి ఒక లేత నీలం ఎంచుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి నేల నుంచి జానెడు ఎత్తున రంగు బుడగలు కట్టింది. గోటితో గీరితే పొర మొత్తం ఊడి చేతికి వచ్చింది. దాని వెనక పిండిలా తెల్లటి పొడి. నాలుక చివర పెట్టి చూశాను, నవ్వకండి, ఉప్పగా ఉంది.

గీకించి, పుట్టీ పెట్టించి, ప్రైమర్ కొట్టించి మళ్లీ వేయించాను. ఈసారి బుడగలు మోకాలి ఎత్తు దాకా వచ్చాయి. మూడోసారి నీళ్లు చొరబడని రంగట, ఆ ఎత్తు వరకు రెండు పూతలు పూయించాను. ఆ పూత ఉన్నంత మేర బాగానే ఉంది. సరిగ్గా అది ఆగిన చోటు నుంచి పైకి కొత్త మచ్చ మొదలైంది.

బయటివైపు ఏముందని అడుగుతారు కనుక చెబుతున్నాను. నా పూలమడి ఉంది. రెండేళ్ల క్రితం ఇటుకలు పేర్చి, ఇంటి గోడనే వెనక గోడగా వాడుకుని, మూరెడు ఎత్తున మట్టి నింపాను. ఒక సన్నజాజి, ఒక మందారం, రెండు ఫెర్న్ మొక్కలు. రోజూ సాయంత్రం గొట్టంతో నీళ్లు పెడతాను. నిమ్ము మడి నుంచే వస్తోందని మా ఆయన వాదన. పైకప్పు నుంచి దిగుతోందని నా వాదన.

అదే గదిలో పక్క గోడకు అదే రోజు అదే డబ్బాలోని రంగు వేశారు. దానికి ఒక్క బుడగ కూడా లేదు. దాని వెనక మడి లేదు. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను, మనసొప్పలేదు.

జవాబు – తొందర బ్రష్

ఇంత ఆలోచన ఎందుకండీ, నడుము ఎత్తు దాకా చెక్క పలకలు కొట్టించేయండి. మేము అలాగే చేశాం. మచ్చ కనిపించదు, గదికి అందం కూడా.

జవాబు – తాపీ పట్టిన చేయి

పై సలహా పాటించకండి. తడి గోడకు చెక్క కొడితే ఆ వెనక గాలి ఆడదు. బూజు పడుతుంది, చెద వస్తుంది, అవి బయటపడే నాటికి పలకలతో పాటు గోడ కూడా పోతుంది.

రెండో మాట, గోడ పొడిని ఇంకెప్పుడూ రుచి చూడకండమ్మా. పాత ఇళ్ల అడుగు పూతల్లో సీసం కలిపిన రంగులు ఉండే అవకాశం ఉంది. అలాంటి అనుమానం ఉంటే పొడిగా గీకించవద్దు, ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. ముందు పరీక్ష చేయించండి.

ఇక అసలు విషయం. మీ ప్రశ్నకు జవాబు మీరే చివరి పేరాలో రాసేశారు. నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది. జానెడు పొడవు, జానెడు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ ముక్కను మచ్చకు కాస్త పైన, రంగు ఇంకా గట్టిగా ఉన్న చోట పెట్టి, నాలుగు అంచులా టేపు అంటించండి. రెండు రోజులు అలా వదిలేయండి. తడి గది వైపు పేరుకుంటే అది గదిలోని గాలిది. ప్లాస్టిక్‌కు గోడ వైపు పేరుకుంటే గోడలోంచి వస్తున్నది. పైకప్పు నీళ్లయితే మచ్చ పైనుంచి దిగాలి. మీది నేల నుంచి ఎక్కుతోంది.

ఇటుకలో, సిమెంటులో వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు ఉంటాయి. ఒత్తి నూనె పీల్చినట్టు అవి నీటిని పైకి లాగుతాయి. అందుకే ఇల్లు కట్టేటప్పుడు పునాది మీద, గోడ మొదలయ్యే చోట నీరు ఎక్కకుండా ఒక పొర వేస్తారు. బయట మట్టి ఎప్పుడూ ఆ పొర కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందే ఉండాలి. మీరు మూరెడు మట్టి పోసి ఆ పొరను దాటించేశారు. కింద కాపలా పెట్టి, పక్కన నిచ్చెన వేసినట్టయింది.

లోపలికి వచ్చిన నీరు ఇటుకలోని లవణాలను కరిగించుకుని వస్తుంది. గోడ ముఖం దగ్గర నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. అది రంగు వెనక స్ఫటికాలుగా పెరుగుతూ పూతను బయటికి తోస్తుంది. మీరు చూసిన బుడగ అదే. నీళ్లు చొరబడని రంగు వేస్తే నీరు ఆగదు, ఆవిరి కావడానికి ఇంకో దారి వెతుక్కుంటుంది. అది పైనే దొరుకుతుంది.

మట్టి తీసేయండి. ఆ చోట అడుగు వెడల్పున కంకర పోసి, నేల వాలు గోడ నుంచి అవతలికి ఉండేలా చూడండి. లోపల ఉప్పెక్కిన ప్లాస్టరింగ్‌ను మచ్చ కంటే 30 సెంటీమీటర్లు పైదాకా కొట్టించేయండి. ఆ ఉప్పు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, కాబట్టి నీరు ఆగినా ఆ ప్లాస్టరింగ్ చెమ్మగానే ఉంటుంది. ఇటుక మీద తేలే తెల్లపొడిని పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారేయండి. కడిగారంటే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది. తరువాత ఆరనివ్వండి. 25 మిల్లీమీటర్ల మందానికి ఒక నెల అనేది పాత లెక్క.

ప్రశ్న – కిటికీ పక్క కుర్చీ

స్కేలు పెట్టి కొలిచాను. మా గోడ 23 సెంటీమీటర్లు. అంటే తొమ్మిది నెలలు ఇటుకలు చూస్తూ కూర్చోవాలా?

ప్లాస్టిక్ ముక్క పెట్టాను. తడి గోడ వైపే ఉంది. ఈ సంగతి మా ఆయనకు ఇంకా చెప్పలేదు.

మడిని అలాగే ఉంచి, మట్టికీ గోడకూ మధ్య మందపాటి ప్లాస్టిక్ పట్టా దింపితే సరిపోదా? జాజి తీగ ఇప్పుడిప్పుడే కిటికీ అందుకుంది. సాయంత్రం కుర్చీలో కూర్చుంటే ఆ వాసన నా ముఖం మీదికే వస్తుంది.

జవాబు – తాపీ పట్టిన చేయి

పట్టా చాలదు. నీరు దాని కింది నుంచి వస్తుంది, పార తగిలితే చిరుగుతుంది, పట్టాకూ గోడకూ మధ్య చేరిన తడికి ఆరే దారే ఉండదు. మడి కావాలంటే దానికి సొంత వెనక గోడ కట్టించి, ఇంటి గోడకు ఒక అడుగు ఎడంగా పెట్టుకోండి.

తొమ్మిది నెలలు అంచనా మాత్రమే. ఎండ, గాలి తగిలితే కాస్త ముందే కావచ్చు. కొత్త ప్లాస్టరింగ్ చేయించాక 28 రోజులు ఆగండి. ఆ మీద గోడను ఊపిరి పీల్చుకోనిచ్చే పూత వేయండి, సున్నం లాంటిది. సున్నంలో నీలం కలుస్తుంది, అయితే సున్నానికి తట్టుకునే రంగుపొడే వాడాలి. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి, ఆరాక బాగా పాలిపోతుంది. నమూనాలు పూయడం మీకు నేర్పక్కర్లేదు.

జవాబు – కుండీల మేడ

గోడ గురించి చెప్పాల్సింది వారు చెప్పారు. నేను జాజి కోసం వచ్చాను.

తవ్వే ముందు రోజు సాయంత్రం మడికి నీళ్లు బాగా పెట్టండి. తీగను సగానికి కత్తిరించండి. ప్రాణం ఒప్పదు, తెలుసు. కానీ తవ్వినప్పుడు వేళ్లు సగం తెగుతాయి, మిగిలిన వేళ్లు అంత తీగను సాకలేవు. మొదలు దగ్గర గునపం దించవద్దు. జానెడున్నర దూరంలో చుట్టూ తవ్వి, మట్టి ముద్దతో సహా ఎత్తి గోనెపట్టా మీద పెట్టుకుని మోయండి. కుండీలో పెట్టాక రెండు వారాలు నీడలో ఉంచండి. చిగురు కనిపించే దాకా ఎరువు వేయవద్దు. మందారానికీ ఇంతే. ఫెర్న్‌లతో ఇబ్బంది లేదు, అవి చెప్పిన మాట వింటాయి.

కుండీ అడుగున గులకరాళ్లు పరచమని చాలామంది చెబుతారు. పరచకండి. సన్న మట్టిలోని నీరు పూర్తిగా నిండితే తప్ప కింది రాళ్లలోకి దిగదు. రాళ్లు పోసినకొద్దీ ఆ తడి మట్టి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక జల్లెడ ముక్క చాలు.

ఇంకొకటి. రెండేళ్ల మందారానికి రోజూ గొట్టంతో నీళ్లు పెట్టడం ప్రేమ కాదండీ, మొండితనం. వేలు రెండో కణుపు దాకా మట్టిలో పెట్టి చూడండి. తడి తగిలితే ఆ రోజుకు వదిలేయండి. పందిరి కట్టినా గోడకు నాలుగు వేళ్ల ఎడం ఇవ్వండి.

ప్రశ్న – కిటికీ పక్క కుర్చీ

రెండు నెలలు దాటింది, చెప్పాల్సిన బాధ్యత ఉంది.

మడి తీసేశాం. మట్టి దించుతుంటే గోడ మీద మడి మట్టం ఎక్కడిదాకా ఉండేదో గీత గీసినట్టు కనిపించింది. పైన సున్నం తెలుపు, కింద తడి బెల్లం రంగు. ఆ తడి మీద జాజి వేళ్లు సన్నటి దారాల్లా, నదుల పటం గీసినట్టు అతుక్కుని ఉన్నాయి. ఒకటి రెండు వేళ్లు ప్లాస్టరింగ్ పగులులోకి కూడా దూరాయి. నేను ఏమీ అనలేదు. మా ఆయన కూడా ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధించింది.

జాజి మొదటి వారంలోనే ఆకులన్నీ రాల్చేసింది. పోయిందనే అనుకున్నాను. ఇరవై మూడో రోజున కణుపు దగ్గర ఆవగింజంత ఎర్రటి మొన కనిపించింది. ఇప్పుడు రెండు జానల తీగ. మందారం అలిగి ఉంది, కానీ బతికే ఉంది.

లోపల మోకాలి పైదాకా ఒట్టి ఇటుకలు. వచ్చినవాళ్లందరూ అడుగుతారు, అందరికీ మొదటి నుంచి చెబుతాను. ప్రతి ఆదివారం తడి ఎక్కడిదాకా ఉందో చూసి, పక్కన తేదీ వేసి పెన్సిల్‌తో గీత గీస్తున్నాను. మొదటి గీతకూ ఇప్పటి గీతకూ నాలుగు వేళ్ల తేడా వచ్చింది.

మొన్నటి ఆదివారం నేను లేచేసరికి మా ఆయన గోడ ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుని, ఆ వారం గీత తనే గీసేశారు. ఉత్సాహంలో వేలెడు కిందకి గీశారు. చెరిపి సరిచేశాను.