గూఢజత్రుః: ఎముకా, కీలా?

వర్ణక్రమం: బాలకాండ మొదటి సర్గలో "మహోరస్కో మహేష్వాసో గూఢజత్రు రరిందమః". రాముడు జత్రువు పైకి కనబడకుండా దాగినవాడని. ఆ జత్రువంటే కంటె ఎముకేనా (మెడ కింద అడ్డంగా ఉండేది)? అమరకోశంలో "స్కంధో భుజశిరోంసోఽస్త్రీ సంధి తస్యైవ జత్రుణీ" అని గుర్తు. సంధంటే కీలు కదా?

గురులఘువు: సంధి కాదండీ, సంధీ. ధీ దీర్ఘం, ద్వివచనం, అందుకే జత్రుణీ. కీళ్లు రెండు.

ఎముకలపాఠం: ఏ రెండు? కుడి ఎడమలా, ఒకే వైపువా? కంటె ఎముక లోపలి కొస రొమ్ము ఎముకతో, బయటి కొస రెక్క ఎముక మీది ఎక్రోమియాన్‌తో (భుజం పైకొసతో) కలుస్తాయి. ఆ జంటే ఇదని నా పక్షం.

గురులఘువు: 'తస్యైవ' (దానిదే) అన్నాడు, అంటే అంసానిదే, భుజానిదే. రొమ్ము దగ్గరి కీలు అంసానిదెలా అవుతుంది?

ఎముకలపాఠం: చేతికీ మొండేనికీ ఎముకల లంకె ఆ కీలొక్కటే, మిగతాదంతా కండరాల పట్టు. చెయ్యి 180 డిగ్రీలు లేస్తే సుమారు 120 బంతిగిన్నె కీలుది, 60 రెక్క ఎముక తిరుగుడుది. ఆ 60 రావాలంటే కంటె ఎముక రెండు కొసలూ కదలాలి. లోపలి కీలు బిగుసుకుంటే చెయ్యి పూర్తిగా లేవదు. ఇంకెవరి కీలండీ అది?

పద్యప్రియ: సంధి మాటొచ్చింది గనక, పోతన "శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁడు" చూడండి. ఆ తొందరంతా ఒక్క క్రియలో!

గురులఘువు: పోతనకి నమస్కారం, విషయానికి రండి. సుశ్రుతుడికి కంటె ఎముక అక్షకం, రెక్క ఎముక అంసఫలకం. వేరే పేరుండగా జత్రువును ఎముకకెందుకు అంటగట్టాలి? కంటె ఎముకను జత్రుక అనడం పాఠ్యపుస్తకాల మాట.

వర్ణక్రమం: మరి ఆయుర్వేదంలో ఊర్ధ్వజత్రుగత (జత్రువుకు పైభాగపు) రోగాలో? కన్ను, చెవి, ముక్కు, తల. హద్దుగీతకు ఎముకే నప్పుతుంది.

ఎముకలపాఠం: 'గూఢ' సంగతి చూడండి. కంటె ఎముక పొడవునా చర్మం కిందే తగులుతుంది. ఎక్కువగా విరిగేది నడిమి భాగమే: మెడ కండరం లోపలి ముక్కను పైకి లాగుతుంది, చేతి బరువు బయటి ముక్కను దించుతుంది, ఉబ్బు కంటికే కనిపిస్తుంది. ట్రెపీజియస్ (మెడ, వీపు కండరం), డెల్టాయిడ్ (భుజం కండరం) రెండూ పట్టుకునేది బయటి మూడో వంతును. కండ పట్టిన మనిషిలో దాగేది అక్కడి కీలే. దాన్ని కట్టి ఉంచే లిగమెంట్లు తెగితే ఆ కొస మెట్టులా పైకి తేలుతుంది.

పద్యప్రియ: ముందు శ్లోకంలోనే 'విపులాంసః' (వెడల్పాటి భుజాలవాడు) అనేశాడు కదా, మళ్లీ అంసమేనా? మహోరస్కః (విశాలమైన రొమ్మువాడు) పక్కనుంది కాబట్టి రొమ్ము వైపు కొసే.

ఎముకలపాఠం: రొమ్ము కండరం పెక్టొరాలిస్ మేజర్ పట్టేది ముందువైపే. ఆ కొస గొంతు గుంట పక్కన పొడుచుకునే ఉంటుంది, దాగదు.

పద్యప్రియ: సరే, తర్వాత ఆజానుబాహుః. మోకాలు తాకాలంటే భుజాస్థి ఎంత పొడవుండాలి?

గురులఘువు: అది వేరే చర్చ. ముందు ద్వివచనం తేల్చండి.