పట్టు లేఖల కుట్ర: అందులో ఉన్న హైదరాబాద్ మనదేనా?

ప్రశ్న:
గ్రూప్స్‌కి నోట్స్ రాసుకుంటూ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తుర్కీ, అఫ్గానిస్థాన్ సాయంతో బ్రిటిష్ పాలనని కూల్చాలని చూసిన దేవ్‌బంద్ (యూపీలోని ఇస్లామిక్ విద్యాకేంద్రం) మౌలానా మహమూద్ హసన్ దగ్గర ఆగిపోయాను. కాబూల్ నుంచి పట్టు గుడ్డ మీద లేఖలు రాసి ‘హైదరాబాద్’కి పంపారని ఒకచోట ఉంది. నిజాం హైదరాబాదేనా? ఆ లేఖలు దొరికాయనే ఆయన్ని మాల్టాలో (అప్పటి బ్రిటిష్ అధీనంలోని మధ్యధరా ద్వీపం) ఖైదు పెట్టారా?

జవాబు 1:
మనది కాదండీ, సింధ్ హైదరాబాద్. అక్కడి షేక్ అబ్దుర్ రహీంకి చేరితే, ఆయన నమ్మకమైన మనిషి చేత హిజాజ్‌లో (మక్కా, మదీనా ఉన్న అరేబియా ప్రాంతం) ఉన్న మహమూద్ హసన్‌కి పంపాలి. రాసింది మహమూద్ హసన్ శిష్యుడు ఉబైదుల్లా సింధీ. 1915లో ఆయన్ని కాబూల్ పంపింది గురువే. సెప్టెంబరులో గురువు తాను హిజాజ్‌కి బయల్దేరారు. ఆ డిసెంబరు 1న రాజా మహేంద్ర ప్రతాప్ అధ్యక్షుడిగా, బర్కతుల్లా ప్రధానిగా కాబూల్‌లో ప్రవాస భారత తాత్కాలిక ప్రభుత్వం పెడితే, అందులో సింధీ హోం మంత్రి.

లేఖలు 1916 జూలై నాటివి. పసుపుపచ్చ పట్టు ముక్కలు మూడు. కోటు అస్తరులో పెట్టి కుట్టేస్తే తడిమినా చేతికి తగలవు. గుడ్డ బాగానే దాచింది, మనిషి దగ్గరే తేడా కొట్టింది. తెచ్చిన అబ్దుల్ హక్ ముల్తాన్‌లో రబ్ నవాజ్ ఖాన్ ఇంటికి వెళ్లాడు. బ్రిటిష్ వాళ్లకి ఎదురు తిరిగి కాబూల్ పారిపోయిన విద్యార్థుల్లో ఇద్దరు ఆ ఖాన్ కొడుకులే. ఖాన్ లేఖలు రాబట్టి నేరుగా కమిషనర్ చేతిలో పెట్టాడు. ఆగస్టుకల్లా గుట్టు రట్టు.

అసలు దెబ్బ వాటిలో ఉన్న విషయం వల్ల. ‘జునూద్-ఎ-రబ్బానియా’ అనే సేన నమూనా పేర్లతో సహా రాసేశారు: ప్రధాన స్థావరం మదీనా, సేనాని మహమూద్ హసన్, ముగ్గురు పోషకులు, 12 మంది ఫీల్డ్ మార్షల్స్. రహస్య ఉద్యమంలో అంత జాబితా ఒక్కచోట పెట్టడం ఏ లెక్కన చూసినా తొందరపాటే. ఈ వివరాలన్నీ విప్లవ కుట్రల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేయించిన 1918 రౌలట్ నివేదికలోకి ఎక్కాయి.

జవాబు 2:
మాల్టా సంగతి. లేఖలు ఆయనకి చేరనే లేదు. అంతకుముందే మక్కాలో తుర్కు గవర్నర్ గాలిబ్ పాషా దగ్గర ‘గాలిబ్‌నామా’ (బ్రిటిష్ వాళ్ల మీద జిహాద్‌కి పిలుపునిచ్చే లేఖ) తీసుకున్నారు, మదీనాలో తుర్కు యుద్ధ మంత్రి అన్వర్ పాషాని కలిశారు. కానీ 1916 జూన్‌లో మక్కా పాలకుడు షరీఫ్ హుసేన్ బ్రిటిష్ అండతో తుర్కుల మీద తిరగబడ్డాడు. తుర్కులు కాఫిర్లనే ఫత్వా మీద సంతకం పెట్టమంటే మౌలానా ససేమిరా అన్నారు. షరీఫ్ మనుషులు పట్టుకుని బ్రిటిష్ వాళ్లకి అప్పగించారు. కైరోలో విచారించి 1917 ఫిబ్రవరిలో మాల్టాకి చేర్చారు. కాబట్టి నోట్స్‌లో ‘లేఖల వల్ల అరెస్టు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. కుట్ర మీద అనుమానం వెనక ఉంది, పట్టుబడింది మాత్రం ఫత్వా దగ్గర.

వెంట ఖైదైన హకీం నుస్రత్ హుసేన్ అక్కడే చనిపోయారు. ఖురాన్ ఉర్దూ అనువాదంలో మిగిలిన భాగం మౌలానా అక్కడే పూర్తిచేశారు.

ప్రశ్న అడిగినవారు:
విడుదలయ్యాక?

జవాబు 3:
1920 జూన్‌లో బొంబాయిలో దిగారు. ‘షేఖుల్ హింద్’ బిరుదు ఖిలాఫత్ కమిటీ ఇచ్చింది అప్పుడే, 1915 నాటిది కాదు. సహాయ నిరాకరణకి మద్దతుగా ఫత్వా ఇచ్చారు. అక్టోబరు 29న అలీగఢ్‌లో జామియా మిలియా (ఇప్పుడు ఢిల్లీలో ఉన్న విశ్వవిద్యాలయం) ప్రారంభానికి అధ్యక్షత వహించింది ఆయనే గానీ, నీరసం వల్ల ప్రసంగం వేరొకరు చదివారు. నవంబరు 30న ఢిల్లీలో డాక్టర్ అన్సారీ ఇంట్లో కన్నుమూశారు.

ఇంకోటి, మాల్టాలో తోడున్న హుసేన్ అహ్మద్ మదనీని ఈయనతో కలిపేయకండి. బ్రిటిష్ సైన్యంలో ముస్లింలు చేరకూడదన్న తీర్మానం మీద నడిచిన 1921 కరాచీ కేసులో అలీ సోదరులతో పాటు శిక్షపడింది మదనీకి.