బాప్తిస్మం నమోదు లేనివాణ్ణి వీలునామాలతో ఒక వంశానికి కట్టేయొచ్చా? వాషింగ్టన్ల కేసు

గోదారిగట్టు:
అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కు ముత్తాత జాన్ వాషింగ్టన్. 1657 ప్రాంతంలో ఓడ మీద వర్జీనియా చేరి అక్కడే స్థిరపడ్డాడు. ఈయన నార్తాంప్టన్‌షైర్‌లోని సల్‌గ్రేవ్ వాషింగ్టన్ల వాడని, అంటే సొంత భూముల మీద బతికే జెంట్రీ కుటుంబం వాడని ఎక్కడ చూసినా ఖాయంగా రాసేస్తున్నారు. కానీ జాన్ బాప్తిస్మం నమోదు ఇంతవరకు ఏ చర్చి రిజిస్టర్‌లోనూ దొరకలేదు. ఇంగ్లండులో జాన్ అంటే మన దగ్గర సుబ్బారావు లాంటి పేరు. ఎవరిదో వీలునామాలో ఆ పేరు కనిపించిందని వంశం ఖాయం చేసేస్తారా? నన్నడిగితే "బహుశా" దగ్గర ఆగాలి.

పాతకాగితం:
గోదారిగట్టు గారూ, పేరు కలిసిందని కట్టేస్తే ఏమవుతుందో ఈ కేసులోనే ఒకసారి చూశాం. 1790ల్లో లండన్ హెరాల్డ్ (వంశావళులు, వంశచిహ్నాలు చూసే రాజాస్థాన అధికారి) ఐజాక్ హర్డ్ సల్‌గ్రేవ్ వాషింగ్టన్లలో జాన్, లారెన్స్ అనే అన్నదమ్ముల్ని పట్టుకుని, వర్జీనియా వెళ్లింది వీళ్లేనని వంశవృక్షం గీశాడు. 1866లో వంశ పరిశోధకుడు జోసెఫ్ చెస్టర్ దాన్ని కొట్టేశాడు. ఆ జాన్ నైట్ బిరుదు తీసుకుని ఇంగ్లండులోనే ఉండిపోయాడు. ఆ లారెన్స్ పాదిరి అయ్యాడు.

1889లో ఇంకో వంశ పరిశోధకుడు హెన్రీ వాటర్స్ దీన్ని మళ్లీ తవ్వాడు, ఈసారి వీలునామాల దారిలో. వలస వెళ్లింది ఆ పాదిరి లారెన్స్ కాదు, ఆయన కొడుకులు జాన్, లారెన్స్ అని తేల్చాడు. హర్డ్ ఒక తరం తప్పాడన్నమాట.

ఆధారం ఏమిటంటే, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ట్రింగ్ అనే ఊరి ఆండ్రూ నోలింగ్ 1650 జనవరిలో వీలునామా రాశాడు. భూమిని తన గాడ్‌సన్ (బాప్తిస్మంలో తాను పెద్దగా నిలబడ్డ బిడ్డ) లారెన్స్ వాషింగ్టన్ అనే పిల్లవాడికి ఇచ్చాడు. ఆ పిల్లవాడి తల్లి ఆంఫిలిస్ వాషింగ్టన్‌కు కొంత డబ్బు. ఆమె మిగతా పిల్లలకు కూడా, వరుసగా పేర్లు రాసి: జాన్, విలియం, ఎలిజబెత్, మార్గరెట్, మార్తా. ఈ ఆంఫిలిస్ ఆ పాదిరి భార్యే.

ఈ పేర్లు గుర్తుపెట్టుకుని వర్జీనియా రండి. జాన్ 1675లో రాసిన వీలునామాలో చెల్లెలు మార్తాకు ఇంగ్లండులో తనకున్న డబ్బులోంచి పది పౌన్లు, ఆమె ఓడ ఖర్చు మాఫీ, ఏడాది పాటు తిండీ బసా, నాలుగు వేల పౌన్ల బరువు పొగాకు. ఆ మార్తానే 1697లో తన వీలునామా రాస్తూ, ఇంగ్లండులో ఉన్న పెద్దక్క ఎలిజబెత్ రంబోల్డ్‌కు ఒక టన్ను, ఇంకో అక్క మార్గరెట్ టాల్బట్‌కు ఒక టన్ను పొగాకు పంపమంది. (గుంటూరు వాళ్లు కూడా ఆడపడుచుకి టన్ను పొగాకు పెట్టి ఉండరు!) ఒక్క జాన్ కలిస్తే యాదృచ్ఛికం అనుకుందాం. జాన్, లారెన్స్, ఎలిజబెత్, మార్గరెట్, మార్తా అందరూ ఒకే ఇంట్లో మళ్లీ కలిస్తే?

సందేహం_నాది:
ఒక చిన్న డౌట్. నోలింగ్ తన వీలునామాలో ఆంఫిలిస్‌ను "డాటర్-ఇన్-లా" అన్నాడు కదా. కోడలైతే ఆమె ఇంటిపేరు నోలింగ్ ఉండాలి. వాషింగ్టన్ ఎలా అయింది?

పాతకాగితం:
మంచి ప్రశ్న. ఆ కాలంలో ఆ మాటకు సవతి కూతురు అని కూడా అర్థం. ఆంఫిలిస్ తల్లి మొదటి భర్త పోయాక నోలింగ్‌ను పెళ్లాడింది. అలాగే "కజిన్" అని ఉంటే మేనల్లుడో, అన్న కొడుకో కూడా కావచ్చు. ఇప్పటి ఇంగ్లీషుతో చదివితే బోల్తా పడతాం.

గోదారిగట్టు:
ఇక్కడే దొరికిపోయారు. అదే వీలునామాలో "సన్-ఇన్-లా" విలియం రోడ్స్ అని ఒకడున్నాడు. అతన్ని ఆమె తోడబుట్టినవాడనుకుని చాలాకాలం ఆంఫిలిస్‌ను రోడ్స్ వారి అమ్మాయని రాశారు. తర్వాత కదా ఆమె అసలు పుట్టిల్లు లిటిల్ క్రీటన్‌లోని ట్విగ్డెన్ కుటుంబం అని బయటపడింది! అంటే ఒకే కాగితం, ఒకసారి తప్పు దారి, ఒకసారి ఒప్పు దారి. దాన్ని రుజువు అంటారా?

లాయరు_తమ్ముడు:
కోర్టు అంటుంది సార్. మన 1872 సాక్ష్య చట్టం 32వ సెక్షన్‌లో ఉండేది, 2024 నుంచి దాని చోట వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షన్‌లోనే ఉంది: చనిపోయిన మనిషి వివాదం పుట్టకముందు వీలునామాలో బంధుత్వం గురించి రాసిన మాట సాక్ష్యంగా పనికొస్తుంది. సమాధి రాతిని కూడా తీసుకుంటారు. నోలింగ్‌కు, మార్తాకు జార్జ్ వాషింగ్టన్ పుడతాడని తెలియదు, అబద్ధం రాయాల్సిన అవసరం లేదు. అయితే సాక్ష్యంగా తీసుకోవడం వేరు, దాంతో విషయం తేలిపోవడం వేరు. ఆ తేడా గోదారిగట్టు గారు పట్టుకున్నారు, అది ఒప్పుకోవాలి.

పాతకాగితం:
రోడ్స్ పొరపాటు ఆంఫిలిస్ పుట్టింటి గురించి, ఆమె పిల్లల గురించి కాదు. పిల్లల జాబితా మీద ఎవరూ వేలు పెట్టలేదు. అదీకాక 1656 ఫిబ్రవరిలో ఆంఫిలిస్ ఆస్తికి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (పోయినవాళ్ల ఆస్తి చక్కబెట్టే అధికారపత్రం) ఇచ్చింది కొడుకు జాన్‌కే. మరుసటి ఏడాదికి జాన్ వర్జీనియాలో ఉన్నాడు.

జాగ్రత్త, ఆ కాగితం మీద 1656 ఉండదు, 1655 ఉంటుంది. 1752 వరకు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, దాదాపు మన ఉగాది రోజుల్లో. జనవరి, ఫిబ్రవరి పాత సంవత్సరంలోనే పడేవి. పాదిరి లారెన్స్‌ను మాల్డన్‌లో పూడ్చింది 1652 జనవరి అని రిజిస్టర్‌లో ఉంటుంది, మన లెక్కలో 1653. నా మొదటి వంశవృక్షంలో ఈ ఒక్క తప్పుతో ఒకావిణ్ణి పెళ్లికి ముందే వితంతువును చేశాను.

సందేహం_నాది:
మరి బాప్తిస్మం ఎందుకు లేదు? ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ జరిగిన అంతర్యుద్ధంలో రిజిస్టర్లు సరిగ్గా రాయలేదంటారు కదా.

గోదారిగట్టు:
ఆ సాకు చెల్లదండీ. యుద్ధం మొదలైంది 1642లో, జాన్ పుట్టింది 1630ల మొదట్లో. అసలు చిక్కు ఇంకొకటుంది. పాదిరి లారెన్స్ 1633 దాకా ఆక్స్‌ఫర్డ్ బ్రేస్‌నోస్ కాలేజీలో ఫెలో, అంటే కాలేజీ జీతం మీద అక్కడే ఉండే పండితుడు. ఫెలోలు పెళ్లి చేసుకోకూడదు. జాన్ అంతకు ముందే పుట్టి ఉంటే ఆ విషయం గుట్టుగానే ఉంచి ఉండాలి.

పాతకాగితం:
అదే నేను చెప్పేది! గుట్టుగా ఉంచిన బిడ్డ నమోదు తండ్రి పేరు ఉన్న చోట వెతికితే ఎలా దొరుకుతుంది? 1633లో ఆయనకు ఎసెక్స్‌లో పర్లీ చర్చి దొరికింది. అయినా 1635లో లారెన్స్ అనే కొడుక్కి బాప్తిస్మం జరిగింది తండ్రి చర్చిలో కాదు, ట్రింగ్‌లో. అంటే ఆంఫిలిస్ కాన్పుకు అమ్మ దగ్గరికి వెళ్లినట్టుంది. 1643లో పాదిరి ఎప్పుడూ సారాకొట్ల చుట్టూ తిరుగుతాడని నింద వేసి పార్లమెంటు వాళ్లు ఉద్యోగం పీకేశారు, అసలు కోపం ఆయన రాజు పక్షం అని. ఆ తర్వాత ఈ ఇంటి కాగితాలన్నీ ట్రింగ్ వైపే దారి చూపిస్తాయి.

గోదారిగట్టు:
సరే, "బహుశా" వెనక్కి తీసుకుంటున్నా. ట్రింగ్ జాన్, వర్జీనియా జాన్ ఒక్కడే అని మార్తా ఒప్పించింది. కానీ పుట్టిన ఏడాది, ఊరు రాసే చోట మాత్రం ఖాళీగానే వదిలేస్తాను. "1633, పర్లీ" అని ఖాయంగా రాసేవాళ్లు కాగితం చూపించాలి.

లాయరు_తమ్ముడు:
దానికి నేనూ సంతకం పెడతా. పాతకాగితం గారూ, ఆ పెళ్లికి ముందే వితంతువు కథ ఒకసారి వేరే థ్రెడ్‌లో చెప్పండి.