పొజిషన్ వారీ ర్యాంకులా, అందరికీ కలిపి ఒకే వరుసా? డ్రాఫ్ట్ లిస్టుల పంచాయతీ

ఫ్రిస్కో_మామ

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరపడితే మా ఇంట్లో ఏటా ఒక పంచాయతీ. ఉండేది డాలస్ పక్కన కాబట్టి ఊరి టీమ్ కౌబాయ్స్ గోల ఎటూ తప్పదు, ఇది దానికి అదనం. కాలేజీ ఫుట్‌బాల్ నుంచి ఎన్ఎఫ్ఎల్‌కి వచ్చే కుర్రాళ్లకి నేను పొజిషన్ వారీగా ర్యాంకులు రాసుకుంటా. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకి ఒక పేజీ, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లకి ఒకటి, లైన్ చివర అడ్డుకునే ట్యాకిల్స్‌కి ఒకటి, ఇలా. మావాడు తొమ్మిదో తరగతి. వాడిది ఒకటే వరుస, ఒకటి నుంచి వంద దాకా. బిగ్ బోర్డ్ అంటారు చూడండి, అది.

మొన్న ఇద్దరం కూర్చుని 2018 డ్రాఫ్ట్‌కి లిస్టులు మళ్లీ వేశాం. జరిగిపోయిన డ్రాఫ్ట్ అయితే ఎవరిది రైటో తేలిపోతుందనుకున్నా. వాడి వరుసలో క్వెంటన్ నెల్సన్ రెండో నంబరు. గార్డ్! బంతి అందించే సెంటర్ పక్కన నిలబడి ఎదుటివాణ్ణి తోసే పని. "బంతి ముట్టుకోనివాడు రెండో నంబరేంట్రా" అన్నా. "మీ గార్డ్ పేజీలో ఫస్ట్ అతనే కదా డాడీ, మరి క్వార్టర్‌బ్యాక్ పేజీలో నాలుగోవాడి కన్నా తక్కువెలా అయ్యాడు" అని తిరిగి అడిగాడు.

నా వాదన ఇది. ఓపెనర్నీ ఫాస్ట్ బౌలర్నీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు గొప్ప అని అడగం. గార్డ్‌ని గార్డ్‌తోనే పోల్చాలి. అందరినీ కలిపితే ఆ వరుసలోకి ఆట కన్నా మార్కెట్ రేటే ఎక్కువ దూరుతుంది. మీరేమంటారు?

ఎడిసన్_బాబాయ్

2018 పేరెత్తావు, పుండు మీద కారం చల్లావు. మేం జెయింట్స్ వాళ్లం. ఆ ఏడు రెండో పిక్, అంటే ఎంచుకునే రెండో వంతు, మాదే. సాక్వాన్ బార్క్లీని తీసుకున్నాం, పెన్ స్టేట్ రన్నింగ్ బ్యాక్. పొజిషన్ లిస్టు ఎవరిది చూసినా రన్నింగ్ బ్యాక్‌లలో మొదటి పేరు అతనిదే, అందులో ఎవరూ తప్పు చేయలేదు. మొదటి సీజన్‌లోనే పరుగు, క్యాచ్‌లు కలిపి 2028 గజాలు, ఉత్తమ అఫెన్సివ్ రూకీ (తొలి ఏడాది ఆటగాడు) అవార్డు. మరి మా టీమ్? 5 గెలుపులు, 11 ఓటములు.

2020లో మోకాలు పోయింది. చివరికి 2024లో మా బద్ధశత్రువులు ఈగిల్స్‌కి వెళ్లాడు. ఎక్కడికి? ఈగిల్స్‌కి! అక్కడ ఆ ఒక్క సీజన్‌లో 2005 గజాలు పరుగెత్తి లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ కూడా ఎత్తాడు. ఇప్పుడు చెప్పు మామా, నీ పేజీ రైటా, తప్పా? ఆటగాడి విషయంలో నూటికి నూరు రైట్. రెండో పిక్ పెట్టి కొనాలా అన్నదానికి ఆ పేజీలో సమాధానమే లేదు. అడ్డం పెట్టేవాళ్లు లేని టీమ్‌కి బంగారం లాంటి రన్నింగ్ బ్యాక్ ఎందుకు? ఈగిల్స్ దగ్గర ఆ లైన్ ఉంది, కాబట్టి వాడుకున్నారు.

మూడో_డౌన్

బాబాయ్ బాధ నిజమే కానీ అసలు కిటుకు జీతంలో ఉంది. కొత్తగా చూసేవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తా.

2010 దాకా మొదటి పిక్ కుర్రాడు బేరమాడి ఎంత లాగితే అంత. ఆ ఏడు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకి 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కొత్త ఒప్పందం వచ్చి రూకీ జీతాలకి పట్టిక పెట్టారు. ఆ ఏడు మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి 2.2 కోట్లే. అప్పట్నుంచి జీతం దాదాపు పిక్ నంబర్‌ని బట్టే, పొజిషన్‌తో పని లేదు. రెండో పిక్ క్వార్టర్‌బ్యాక్ అయినా, రన్నింగ్ బ్యాక్ అయినా, బంతిని తన్నే పంటర్ అయినా డబ్బు ఒకటే.

దీనివల్ల ఏమైంది? బార్క్లీకి నాలుగేళ్లకి 3.1 కోట్ల పైచిలుకు వచ్చింది. అంటే ఒక్క ఆట ఆడకముందే రన్నింగ్ బ్యాక్‌లలో బాగా ఎక్కువ జీతం తీసుకునేవాళ్ల సరసన చేరాడు. అతను ఎంత బాగా ఆడినా టీమ్‌కి మిగిలేది తక్కువ. అదే డబ్బుకి మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికితే బయట మార్కెట్‌లో ఆ స్థాయివాడికి ఇవ్వాల్సినదానిలో చిన్న ముక్కతో నాలుగేళ్లు గడిచిపోతాయి. రన్నింగ్ బ్యాక్, గార్డ్, సేఫ్టీ, టైట్ ఎండ్ లాంటి పొజిషన్లవాళ్లు ఉమ్మడి లిస్టుల్లో కిందకి జారేది అందుకే. వాళ్లు ఆటలో తక్కువవాళ్లని కాదు.

బెజవాడ_బ్లిట్జ్

అన్నా, ఇది అచ్చం మన ఎంసెట్ కౌన్సెలింగ్ కదా! (పేరు మార్చినా మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే.) కన్వీనర్ కోటాలో ఒక కాలేజీలో ఏ బ్రాంచికైనా ఫీజు ఒకటే. ఫీజు ఒకటే అయినప్పుడు బయట ప్యాకేజీ ఎక్కువున్న బ్రాంచే పట్టుకుంటారు. అందుకే మంచి ర్యాంకు వస్తే కళ్లు మూసుకుని సీఎస్ఈ. సివిల్ అంటే ప్రాణం పెట్టేవాడు కూడా ఇంట్లోవాళ్ల పోరు పడలేక సీఎస్ఈలో చేరతాడు. క్వార్టర్‌బ్యాక్ సీఎస్ఈ, గార్డ్ సివిల్.

నేను ఇక్కడ శుక్రవారం తెల్లవారుజామున 5.30కి లేచి మొదటి రౌండ్ చూస్తా. ఇంట్లోవాళ్లు సుప్రభాతం అనుకుంటారు.

మూడో_డౌన్

ఫీజు పోలిక అదిరింది, వాడుకుంటా.

ఎడిసన్_బాబాయ్

పోలిక బాగుంది గానీ సగమే. కౌన్సెలింగ్‌లో ఎంచుకునేది పిల్లవాడు. ఇక్కడ పిల్లవాడికి నోరు లేదు, టీమ్ పిలిస్తే మూట సర్దుకుని వెళ్లాల్సిందే. ఇంకోటి, సీఎస్ఈలో చేరినవాళ్లు చాలామంది ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకుంటారు. మొదటి రౌండ్ క్వార్టర్‌బ్యాక్‌లలో ఎంతమంది కుదురుకున్నారో లెక్కపెట్టు.

టేప్_బాబ్జీ

అదే చెబుదామని వచ్చా. మామగారూ, గార్డ్‌ని గార్డ్‌తోనే పోల్చాలి అన్నారు, ఒప్పుకుంటా. మరి 2018లో మీ క్వార్టర్‌బ్యాక్ పేజీ ఎలా ఉందో చెప్పండి. అక్కడ అందరూ ఒకే పొజిషన్, ఒకే ఏడాది, కావలసినంత వీడియో. అయినా డ్రాఫ్ట్‌లో పోయిన వరుస చూడండి: మేఫీల్డ్ 1, డార్నాల్డ్ 3, జోష్ అలెన్ 7, జోష్ రోజెన్ 10, లామార్ జాక్సన్ 32. ఐదోవాడు రెండు ఎంవీపీలు (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డులు) కొట్టాడు, 2019లో ఒక్క ఓటు కూడా పోకుండా. ఆ లామార్‌నే పాసులు అందుకునే రిసీవర్‌గా మారమని పెద్దలు సలహా ఇచ్చారు. మూడోవాడు అలెన్ 2024 ఎంవీపీ. కాలేజీ ఆఖరి ఏడాది అతని పాసుల్లో సరిగ్గా చేరినవి 56 శాతమే, అందుకని ఎంతమంది చీల్చి చెండాడారో. నాలుగోవాణ్ణి ఒక్క ఏడాదికే ఆ టీమ్ వదిలించుకుంది. ఒకే రకం వాళ్లని పోల్చడమే మనకి చేతకానప్పుడు పొజిషన్ వారీ పద్ధతి శాస్త్రీయం అని ఎలా అంటాం?

ఇంకో మాట. పొజిషన్ అనేదే గట్టి గోడ కాదు. మీ కౌబాయ్స్ సంగతే తీసుకోండి. జాక్ మార్టిన్ నోటర్ డేమ్‌లో లెఫ్ట్ ట్యాకిల్. 2014లో 16వ పిక్‌గా తీసుకుని గార్డ్ చేశారు, ఆ తరంలోని గొప్ప గార్డ్‌లలో ఒకడయ్యాడు. అతను మీ పేజీల్లో ఎక్కడుండాలి? ట్యాకిల్ పేజీలో మధ్యలోనా, గార్డ్ పేజీలో మొదటా? 2023లో పీటర్ స్కొరాన్‌స్కీ కూడా అంతే, చేతులు 32 అంగుళాల పైన కొంచెమే ఉన్నాయని గార్డ్‌లోకి జరిపారు. టేప్ కొలతతో పేజీ మారిపోయింది! 2025లో రెండో పిక్ ట్రావిస్ హంటర్ వైడ్ రిసీవరూ అతనే, రిసీవర్లని కాపు కాసే కార్నర్‌బ్యాకూ అతనే.

మైకా పార్సన్స్ సరేసరి. 2021లో అతన్ని డిఫెన్స్ లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్ల పేజీలో రాసుకున్నాం. 12వ పిక్. వచ్చిన ఏడాదే ఎడ్జ్ (లైన్ అంచు) నుంచి క్వార్టర్‌బ్యాక్‌ల మీద పడడం మొదలుపెట్టాడు. ఎక్కువ రేటు పలికే ఎడ్జ్ అని ముందే రాసుంటే 12 దాకా మిగిలేవాడా?

ఫ్రిస్కో_మామ

పార్సన్స్ పేరు ఈ ఇంట్లో ఎత్తకండి బాబ్జీ గారూ. 2025 ఆగస్టులో గ్రీన్ బేకి ఇచ్చేశాక ఆ జెర్సీ బీరువాలో పడి ఉంది.

క్వార్టర్‌బ్యాక్ పేజీ సంగతి అడిగారు కాబట్టి చెబుతా, దాచుకునేదేముంది. రోజెన్‌ని రెండులో పెట్టా. లామార్ ఐదు. లోకంతో పాటే నేనూ.

లెక్కల_మాస్టారు

ఈ విషయం మీద నిజంగానే పరిశోధన ఉంది. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ చేశారు. థేలర్ అంటే 2017లో ఆర్థికశాస్త్రం నోబెల్ వచ్చినాయన. వాళ్లు అడిగిన ప్రశ్న అచ్చం మన ప్రశ్నే: ఒక పొజిషన్‌లో ముందు పోయినవాడు, అదే పొజిషన్‌లో వాడి వెనకే పోయినవాడి కన్నా మెరుగ్గా ఆడే అవకాశం ఎంత? సగానికి కాస్త ఎక్కువ, అంతే. దాదాపు బొమ్మా బొరుసే. పై పిక్‌ల కోసం టీమ్‌లు పోసే ధర వాటి విలువని మించిపోతోందని కూడా తేల్చారు. ఇది చాలావరకు 2011కి ముందు జీతాల నాటి లెక్క, ఆ సంగతి మరిచిపోకూడదు. బొమ్మా బొరుసు మాత్రం జీతాలతో మారేది కాదు కదా.

కాబట్టి మామగారి పేజీలో 3, 4 నంబర్ల మధ్య గీత అబద్ధం. 3కీ 9కీ మధ్య గీత నిజం కావచ్చు. నంబర్లు తీసేసి గుంపులు పెట్టండి: మొదటి మెట్టు, రెండో మెట్టు. లిస్టులు వేసేవాళ్లు టియర్లు అంటున్నది ఇదే.

బెజవాడ_బ్లిట్జ్

మరి డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లని పరీక్షించే కాంబైన్ ఎందుకు మాస్టారూ? పరుగు చూసి ర్యాంకు మార్చేయడం తప్పంటారా?

టేప్_బాబ్జీ

ఇండియానాపొలిస్‌లో కుర్రాళ్లని పరుగెత్తిస్తారు, దూకిస్తారు, బరువులెత్తిస్తారు. టీమ్‌లకి వాటన్నిటికన్నా ముఖ్యం అక్కడి వైద్య పరీక్ష, అది మనకి కనబడదు. 40 గజాల పరుగులో జాన్ రాస్ 2017లో 4.22 సెకన్లు కొట్టి 9వ పిక్ అయ్యాడు. ఎన్ఎఫ్ఎల్‌లో నిలబడలేదు. 2024లో జేవియర్ వర్తీ 4.21 కొట్టి ఆ రికార్డు చెరిపాడు, అయినా 28 దాకా ఎవరూ ముట్టుకోలేదు. కాబట్టి ఈ లోకం కాస్త నేర్చుకుందనే అనుకుందాం.

ఎడిసన్_బాబాయ్

నేర్చుకోవడం సంగతి వచ్చింది కాబట్టి ఒక పాత ముచ్చట. 1994లో కోల్ట్స్ టీమ్ ఐదో పిక్‌గా ట్రెవ్ ఆల్బర్ట్స్ అనే లైన్‌బ్యాకర్‌ని తీసుకుంటే టీవీలో డ్రాఫ్ట్ విశ్లేషకుడు మెల్ కైపర్ ఉతికి ఆరేశాడు, క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ డిల్ఫర్‌ని వదిలేస్తారా అని. కోల్ట్స్‌లో ఎంపిక చేసే పెద్దమనిషి బిల్ టోబిన్‌కి ఒళ్లు మండి, అసలీ కైపర్ ఎవడండీ అని లైవ్‌లోనే విరుచుకుపడ్డాడు. ఆల్బర్ట్స్ గాయాలతో మూడేళ్లకే ఆట మానేశాడు. డిల్ఫర్ తర్వాత వేరే టీమ్‌తో సూపర్ బౌల్ గెలిచాడు గానీ ఆ గెలుపు డిఫెన్స్‌ది. ఇద్దరిలో ఎవరు నెగ్గారంటే నేను చెప్పను.

మూడో_డౌన్

మళ్లీ నెల్సన్ దగ్గరికి వద్దాం, అసలు కథ అక్కడే ఉంది. 2018లో కోల్ట్స్ చేతిలో ఉన్నది 3వ పిక్. అది జెట్స్‌కి ఇచ్చి 6, 37, 49 పిక్‌లు, మరుసటి ఏడాది రెండో రౌండ్ పిక్ తీసుకున్నారు. కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ 1990ల మొదట్లో వేయించిన, ఏ పిక్‌కి ఎంత విలువో చెప్పే పట్టిక ఇప్పటికీ చాలామందికి కొలబద్ద, దాంతో చూద్దాం. 3వ పిక్‌కి 2200 పాయింట్లు. వచ్చినవి 1600, 530, 410, మొత్తం 2540. మరుసటి ఏడాది పిక్ కొసరు. జెట్స్ 3లో డార్నాల్డ్‌ని తీసుకున్నారు. కోల్ట్స్ 6లో ఎవర్ని తీసుకున్నారు? మామగారబ్బాయి రెండో నంబరు నెల్సన్‌నే. వరసగా మొదటి మూడేళ్లూ ఆల్ ప్రో, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ల జాబితాలో చోటు.

అతను అంత మంచివాడని కోల్ట్స్‌కి తమ ఉమ్మడి వరుస చెప్పింది. గార్డ్‌ని 4, 5లలో ఎవరూ ఎత్తుకుపోరని పొజిషన్ రేటు చెప్పింది. రెండూ తెలిసినవాడికే వెనక్కి జరిగే ధైర్యం వస్తుంది.

ఫ్రిస్కో_మామ

ఇది కొత్తగా ఉంది. అంటే మార్కెట్ రేటు తక్కువని గార్డ్‌ని వాడి వరుసలో కిందకి దించాల్సిన పనిలేదు, ఎప్పుడు పిలవాలన్నదే మారుతుంది.

నా పేజీల్లోనూ ఒక లోపం దొరికింది. 2018 రన్నింగ్ బ్యాక్‌లలో బార్క్లీ 1, నిక్ చబ్ 3 అని రాసుకున్నా. ఒకటికీ మూడుకీ ఎంత దూరమో రాసుకోలేదు. చబ్ 35వ పిక్‌కి దొరికాడు, 2019లో దాదాపు 1500 గజాలు పరుగెత్తాడు. మాస్టారి మాట ప్రకారం నంబర్లు కొట్టేసి మెట్లు గీస్తున్నా. పేజీలు మాత్రం వదలను.

లెక్కల_మాస్టారు

శుభం. ఒక్కటి అడగనా? తొమ్మిదో తరగతి పిల్లలు క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు బట్టీ పడతారు. మీవాడికి గార్డ్‌ల మీద ఇంత అభిమానం ఏంటండీ?

ఫ్రిస్కో_మామ

మావాడు స్కూల్ టీమ్‌లో గార్డ్ అండీ. 64 నంబరు. మొదట్లో వాడి ఆటలకి వెళ్లి బంతి ఎటు పోతే అటు చూసేవాణ్ణి. ఇంటికొచ్చాక "నా బ్లాక్ చూశావా" అని వాడు అడిగితే నీళ్లు నమిలేవాణ్ణి. ఇప్పుడు బంతి ఎక్కడుందో నాకు తెలియదు. జనం లేచి అరిస్తే, మనవాళ్లు స్కోర్ చేశారా అని పక్కవాళ్లని అడుగుతా.